బ్రేడెంటన్ క్రీడాస్థల సందర్శనము

పాత యింటిని బాగుచేయించుట క్రొత్త యిల్లు కట్టించుటకంటె కష్టమని గృహిణులకు తెలిసిన విషయమే. ఏ గోడ నిలుపవలెను, ఏ గోడ తీసివేయవలెను, మామగారు కూర్చుండిన యరుగు ఉంచవలెనా, చీఁకటిగా నున్న వంటయింటికి కిటికీ పెట్టింపవలెనా యని యింటిల్లిపాదియు నాలోచింతురు. అంతయు పడఁగొట్టినచో నది మన యిల్లు కాదు. ఏమియు ముట్టకున్నచో నందు వసింప వీలుకాదు. అమెరికా దేశమందలి ఫ్లోరిడా రాష్ట్రమున, బ్రేడెంటన్ అను చిన్న పట్టణములో, నూఱేండ్లు దాఁటిన యొక యాటస్థలమును జూచునపుడు మాకీ సంగతియే మాటిమాటికి మనసునకు వచ్చినది. దానిని పలుమాఱులు బాగుచేసిరి. ఆ బాగులలో కొన్ని కంటికి కానవచ్చును. అన్నిటికంటె గొప్పదైన బాగు మాత్రము కంటికి కానరాదు. దానిని గూర్చి సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఫ్లోరిడా మూఁడువైపుల సముద్రము గలిగి, లోపల సరస్సులతోను నారింజతోఁటలతోను నిండిన పల్లపు దేశము. మేము టాంపా నగరమున బంధువుల యింట విడిసి, మార్చి నెలలో నొకనాఁడు ప్రొద్దుటనే బయలుదేఱితిమి. నలుగురము స్త్రీలము, వెంట నిద్దఱు బాలురు. టాంపాకు దక్షిణముగా సుమారు 45 మైళ్లు పోయినచో బ్రేడెంటన్ చేరుదుము. దారిలో సముద్రపుఁ గాలువను దాఁటించు సన్‌షైన్ స్కైవే అను వంతెన కలదు. 1987లో తెఱవఁబడిన యా వంతెన నడిమిభాగమును పసుపుపచ్చని యినుపత్రాళ్లు పట్టి నిలిపియున్నవి. దానిమీఁద పోవునపుడు క్రింద ఓడలు పిల్లల కాగితపు పడవలవలె కానవచ్చును. వంతెన దిగిన కొంతసేపటికి మనాటీ నది వచ్చును. దాని దక్షిణపుటొడ్డున నున్నదే బ్రేడెంటన్. నారింజరసమును దేశమంతటికి పంపి పేరుగాంచిన ట్రాపికానా వ్యాపారము 1947లో ఈ ప్రాంతముననే పుట్టినది.

మేము చూడఁబోయినది బేస్‌బాలు ఆడుచోటు. దీనికిని ఉత్తరముననున్న పిట్స్‌బర్గు నగరమునకును సంబంధము కలదు. పిట్స్‌బర్గు పేరు తెలుఁగువారికి క్రొత్తది కాదు. 1976లో అచట వేంకటేశ్వరస్వామి యాలయము వెలసినది మొదలు మనవారెందఱో ఆ యూరికి యాత్ర చేయుచునేయున్నారు. ఆ నగరమున చలికాలమునందు మంచు కురియును. నేల గడ్డకట్టును. బంతియాట సాగదు. కావున నచటి బేస్‌బాలు జట్టు ఫిబ్రవరి నెలలో వెచ్చని బ్రేడెంటనునకు వచ్చి, ఆఱు వారములు సాధనచేసి, మార్చి తుదివఱకు ఇతర జట్లతో పోటీలాడి, వసంతము ముదిరిన పిదప స్వస్థలమునకు పోవును. దీనినే వసంతశిక్షణ మందురు. దేశమందలి 30 పెద్దజట్లలో 15 ఫ్లోరిడాలోను, 15 ఆరిజోనా యెడారిలోను ఇట్లు సాధన చేయును. పిట్స్‌బర్గు జట్టు పేరు పైరేట్సు, అనఁగా ఓడదొంగలు. ఆ పేరు వినఁగానే మా బాలురు నవ్విరి.

ఫ్లోరిడాలో నాడు జట్ల సమూహమునకు గ్రేప్‌ఫ్రూటు లీగని పేరు. గ్రేప్‌ఫ్రూటనఁగా మన పంపరపనసకు చెల్లెలివంటి పండు. ఈ పేరునుగూర్చి యొక వేడుక కథ చెప్పుదురు. 1915లో డేటోనా బీచి పట్టణమున, విమానమునుండి జాఱవిడిచిన బంతిని పట్టెదనని బ్రూక్లిన్ జట్టు నాయకుఁడు విల్బర్ట్ రాబిన్సన్ సిద్ధపడెను. విమానము నడిపినది రూత్ లా అను స్త్రీ. విమానములు పుట్టి పట్టుమని పండ్రెండేండ్లయినను గాని యా కాలమున నొక యాఁడుది ఒంటిగా నాకసమున తిరుగుచుండెనన్న సంగతి యీ కథలో అందఱును దాఁటవేయుదురు. మేము దాఁటవేయము. ఆమె బంతి తెచ్చుట మఱచి, తన ఫలాహారములోని గ్రేప్‌ఫ్రూటును జాఱవిడిచెను. అది రాబిన్సనుమీఁద పగిలి రసము చిందఁగా, ఆయన తన నెత్తురే కాఱుచున్నదనుకొని కేకలు వేసెనఁట. పండు నిచ్చినదొక స్త్రీ. పేరు దక్కినది పురుషుల యాటకు.

ఇఁక ఆటస్థలము మాట. ఇది 1923లో కట్టఁబడెను. నేఁటికిని వసంతశిక్షణ జరుగుచున్న స్థలములలో దీనికంటె పాతది లేదు. పెద్దజట్లు తమ సొంతయూళ్లలో నాడు స్థలములను గూడ లెక్కించినచో, బాస్టనులోని 1912నాఁటి ఫెన్వే పార్కును, చికాగోలోని 1914నాఁటి రిగ్లీ ఫీల్డును మాత్రమే దీనికి పెద్దలు. ఎన్నియో జట్లు వచ్చి యిచట కాపురముండి పోయినవి. 1969నుండి పైరేట్సు వారు వదలక వచ్చుచున్నారు. ఈ యూర నివసించిన బిల్ మెకెక్నీ అను ప్రసిద్ధ జట్టునాయకుని పేర 1962లో దీనికి మెకెక్నీ ఫీల్డని నామకరణము చేసిరి. 1925లో పైరేట్సు జట్టును దేశమున కెల్ల మిన్నగా గెలిపించినవాఁడాయన. 2017నుండి ఒక వైద్యకళాశాల పేరుపెట్టి లీకామ్ పార్కని పిలుచుచున్నారు. ఐనను ఊరి వృద్ధుల నోట పాతపేరే వినవచ్చును. మన యూళ్లలో వీథిపేరు మార్చినను కూరలమ్ము ముసలమ్మ పాతపేరే చెప్పుట లేదా?

బయటనుండి చూచినచో నిది యాటస్థలమువలె లేదు. ఇండ్లవరుసల నడుమ, వీథిప్రక్కనే, తెల్లసున్నపు గోడలతో పాతకాలపు స్పెయినుదేశపు మఠమువలె నుండును. ఫ్లోరిడాను 1821వఱకు స్పెయినువా రేలిరి గదా, ఆ ఛాయ యీ దేశపు కట్టడములందు నేఁటికిని నిలిచినది. 1993లో ప్రేక్షకుల కట్టడమును తిరుగఁగట్టినపు డా పాత రూపునే యనుసరించిరి. 2008లో దీపస్తంభములు నిలిపిరి. అంతవఱకు నిచట వసంతపుటాట లన్నియు పగటియాటలే. 2013లో మఱల బాగుచేసి, ఆటనేలకు వెలుపలి యంచున కొయ్యపలకల నడవ నొకదానిని వేసిరి. కూర్చుండ నిష్టములేనివారు, చంకబిడ్డల నాడించు తల్లులు, దానిమీఁద నటునిటు నడచుచు నన్నివైపులనుండి ఆట చూడవచ్చును. చోటును 8,500 మందికి సరిపడునట్లు పెంచిరి. పిట్స్‌బర్గులో నిదే జట్టు సొంతస్థలమున 38,000 మందికి పైగా కూర్చుందురు. ఇంత చిన్నదిగా నుంచుటయే దీని యందము. బంతి కఱ్ఱకు తగిలిన చప్పుడు, ఆటగాండ్రు తమలోఁదాము చెప్పుకొను మాట, అన్నియు మాకు వినవచ్చినవి.

ద్వారమువద్ద మా చీట్లు చూచి చోటు చూపించినవారు ఊరి వృద్ధులు. ఉద్యోగములనుండి విరమించిన స్త్రీపురుషు లొక సంఘముగా నేర్పడి, జీతము గోరక, యేటేట నీ పని చేయుచున్నారు. మా వరుసను చూపిన వృద్ధురాలిని, "ఎండలో నింతసేపు నిలుచుట కష్టము గాదా యమ్మా?" యని మేమడిగితిమి. ఆమె నవ్వి, "ఇంటిలో నొంటిగా కూర్చుండుట యంతకంటె కష్టము తల్లీ!" యనినది. కొంతసేపు మాకు నోట మాట రాలేదు.

ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పకున్న మనవారికి తెలియదు. క్రికెట్టు చూచినవారికి దీనిని గ్రహించుట కష్టము కాదు. జట్టునకు తొమ్మండుగురు. నేలమీఁద చతురస్రాకారముగా నాలుగు మూలలు. మూలకు మూలకు 90 అడుగులు. ఒకఁడు నడుమనున్న మిట్టపై నిలిచి బంతి విసరును. ఎదిరి పక్షమువాఁడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, మూలలన్నియు చుట్టి బయలుదేఱిన మూలకు చేరినచో నొక పరుగు. మూఁడుమాఱులు తప్పినవాఁడు వెనుకకు పోవలెను. ముగ్గురు పోఁగానే పక్షములు మాఱును. ఇట్లు తొమ్మిది తడవలు. ఏడవ తడవ నడుమ జనులందఱును లేచి నిలిచి యొక పాట పాడుదురు. 1908లో వ్రాయఁబడిన యా పాటలో నిజముగా నున్నది యొక యువతి కథ. ఆమెకు బేస్‌బాలన్న ప్రాణము. ప్రియుఁడు నాటకమునకు రమ్మనఁగా వలదని, ఆటకు తీసికొనిపొమ్మని యడుగును. నేఁడు పల్లవి మాత్రమే పాడుదురు గనుక ఆ పిల్ల సంగతి చాలమందికి తెలియదు.

వసంతపు పోటీలలో గెలుపోటములు ఆ యేఁటి లెక్కలోనికి రావు. మఱి యెందుకింత పట్టుదల యని మా బాలుఁ డడిగెను. లెక్కకు వచ్చునది మఱియొకటి. వీపుమీఁద డెబ్బది యెనుబది దాఁటిన పెద్ద సంఖ్యలు ధరించిన పడుచువాండ్రు మధ్యాహ్నము దాఁటినపిదప ఆటలోనికి వచ్చుచుందురు. వారికింకను జట్టులో స్థిరమైన చోటు లేదు. ఈ కొలఁదివారములలో చూపిన నేర్పునుబట్టి కొందఱు పెద్దజట్టుతో నుత్తరమునకు పోవుదురు. కొందఱు చిన్నజట్లకు పోవుదురు. కొందఱు పెట్టె సర్దుకొని యింటికి పోవుదురు. ఒక కుఱ్ఱవాఁడు బంతిని జాఱవిడిచి తలవంచుకొని నిలిచినపుడు, వీని తల్లి యేదేశమున నున్నదో, యీ కబురు వినుటకు ఫోనుదగ్గఱ కనిపెట్టుకొని యున్నదేమో యని మాలో నొకామె యనినది. ఆ మాట విన్నపిదప మాకు రెండుపక్షములలో నే పక్షము గెలుచునన్న యాసక్తి తగ్గినది.

మేము కూర్చుండిన చోటునుండి చుట్టుఁ జూడఁగా తెల్లవారు, నల్లవారు, దక్షిణ అమెరికావారు, చీరె కట్టిన మేము, అందఱమును కలసియే యుంటిమి. ఎవ్వరును మమ్ము వింతగా చూడలేదు. ఇది సహజమే యనిపించును. కాని యీ స్థలము పుట్టిననాఁడిది సహజము కాదు. ఆ కాలమున ఫ్లోరిడాలో నల్లవారి కాటస్థలములలో వేఱు చోటు, బండ్లలో వేఱు చోటు, త్రాగునీటికి వేఱు కుళాయి. మన దేశమున నూతికడ నొకప్పుడు జరిగినదానిని, కొన్నిచోట్ల నింకను జరుగుచున్నదానిని తలఁచుకొన్నచో, ఈ సంగతి మనకు విడమఱచి చెప్పనక్కఱలేదు.

1954లో మోబీల్ నగరమునకు చెందిన హాంక్ ఆరన్ అను 20 ఏండ్ల నల్లజాతి యువకుఁడు మిల్వాకీ జట్టుతో నీ స్థలమునకు వచ్చెను. తోడి తెల్ల యాటగాండ్రు హోటలులో దిగిరి. ఆరనునకును మఱికొందఱు నల్లయాటగాండ్రకును అందు చోటు లేదు. వారికి బస యిచ్చినది నల్లజాతి ఉపాధ్యాయిని యొకామె. పగలంతయు వేలమంది యెదుట ఆడి, చప్పట్లు పొంది, సాయంకాలము తన తోడివారు పోవు గుమ్మమున తాను పోలేక, ఆమె యింటికి నడచిపోయిన యా యువకుని మనస్సెట్లుండెనో యూహింపుఁడు. ఆ యిల్లాలు తలుపు తీయకున్నచో, దేశమంతయు తరువాత కొనియాడిన యా వీరుఁ డిచట నే చెట్టుక్రింద పరుండవలసియుండెడివాఁడో! 1961లో వెండెల్ స్మిత్ అను నల్లజాతి పత్రికారచయిత యీ యన్యాయమును గూర్చి చికాగో పత్రికలో తీవ్రముగా వ్రాసెను. ఆటగాండ్రును నోరు విప్పిరి. క్రమముగా హోటళ్లు తలుపులు తెఱచినవి. 1964లో దేశమంతటికి పౌరహక్కుల చట్టము వచ్చెను.

అదే ఆరన్ 1974 ఏప్రిల్ 8వ తేదీన అట్లాంటాలో తన 715వ హోమ్ రన్ కొట్టి, అంతకుమున్ను బేబ్ రూత్ అను తెల్లవీరునికున్న 714 లెక్కను దాఁటెను. ఆ లెక్కకు చేరువగుచున్నకొలఁది, చంపుదుమని బెదరించు నుత్తరము లాయనకు వచ్చుచుండెను. బంతి కొట్టి మూలలు చుట్టి వచ్చునప్పటికి ఆయన తల్లి ఎస్టెల్లా పరుగెత్తుకొనివచ్చి కొడుకును గట్టిగా కౌఁగిలించుకొనెను. అది సంతోషపు కౌఁగిలి యని చూచినవా రనుకొనిరి. ఎవఁడైన తుపాకి కాల్చిన గుండు ముందు తనకే తగులవలెనని యామె యట్లు పట్టుకొనెనని తరువాత చెప్పుకొందురు. ఆయన మొత్తము 755 హోమ్ రన్‌లు కొట్టి, 2021లో మరణించెను.

ఈ యూరికి మన దేశముతోను ఒక ముడి కలదు. 2008లో మన దేశమున వేగముగా బంతి విసరువారిని వెదకు పోటీ యొకటి జరిగెను. వేలకొలఁది యువకులు వచ్చిరి. అందు ఎన్నికైనవారు ఉత్తరప్రదేశమునకు చెందిన రింకూ సింగు, దినేశ్ పటేలు అను వారిద్దఱు. ఇరువురును బల్లెము విసరు క్రీడలో నేర్పరులు. అంతకుమున్ను బేస్‌బాలు చేతఁబట్టి యెఱుఁగరు. రింకూ లారీ నడుపు తండ్రికి పుట్టిన తొమ్మండుగురు పిల్లలలో నొకఁడు. ఆ యేఁటి నవంబరులో పైరేట్సువారు వీరిద్దఱిని జట్టులో చేర్చుకొనిరి. అమెరికా వృత్తి బేస్‌బాలులో చేరిన మొదటి భారతీయులు వీరే. ఈ యూరి తూర్పున పైరేట్ సిటీ యను శిక్షణస్థలము కలదు. పెద్దజట్టునకు ఎదుగఁగోరు పడుచువాండ్రు అచటనే బసచేసి నేర్చుకొందురు. మన పిల్ల లిద్దఱును అట్లే నేర్చుకొనిరి. 2009 జూలై 13వ తేదీన చిన్నజట్టు తరఫున రింకూ మొదటి గెలుపు పొందెను. పెద్దజట్టున ఆడు భాగ్యము మాత్ర మిరువురికిని కలుగలేదు. దినేశ్ కొంతకాలమునకు స్వదేశమునకు మరలెను. రింకూ గాయములతో పెనఁగి తుదకు మల్లయుద్ధమునకు మాఱెను. ఐనను ఆరనునకు హోటలు గది దొరకని యీ యూరనే, అఱువది యేండ్లు తిరుగకముందే, గంగాతీరపు పల్లెపిల్లలకు అందఱితోపాటు మంచమును, పంక్తిలో కంచమును దొరకినవి.

మఱియొక తలుపును ఇటీవలనే తెఱవఁబడినది. పెద్దజట్టు ఉత్తరమునకు పోయిన పిదప నీ స్థలమున మారాడర్సు అను చిన్నజట్టు వేసవియంతయు నాడును. ఆ జట్టు ఏ సమూహమున నాడునో అందే టాంపా జట్టును కలదు. 2022లో ఆ టాంపా జట్టునకు రేచెల్ బల్కోవెక్ అను నామెను నాయకురాలిగా నియమించిరి. పెద్దజట్లకు అనుబంధమైన చిన్నజట్టును నడపిన మొదటి స్త్రీ యామె. మొదట నుద్యోగమునకు దరఖాస్తులు పంపఁగా జవాబులే రాకపోవుటచే, సోదరి సలహామీఁద, స్త్రీయో పురుషుఁడో తెలియకుండునట్లు తన పేరును రే అని కుదించి వ్రాసెను. అప్పు డుత్తరములు వచ్చినవి! రూత్ లా విమానము నడిపిన 107 ఏండ్లకు గాని యీ రాష్ట్రమున నొక స్త్రీకి ఆటగాండ్ర యరుగుమీఁద పెద్దకుర్చీ దొరకలేదు.

ఇట్టి బాగులకు శిలాఫలకములు వేయుట యరుదు. కొయ్యనడవ యే యేఁట వేసిరో, దీపము లే యేఁట పెట్టిరో యెవరైనను చెప్పుదురు. ఎవరిని లోనికి రానిచ్చుట యే యేఁట మొదలయ్యెనని యడిగినచో చెప్పఁగలవారు కొలఁదిమంది. తెల్లగోడ చెక్కుచెదరక నిలుచుట మంచిదే. ఆ గోడలోపల నొకప్పుడుండిన యడ్డుగోడ పోవుట మాత్ర మంతకంటె మంచిది. మన యిండ్లను బాగుచేయించునపుడును, పనికత్తె యే గుమ్మమున రావలెను, ఏ గిన్నెలో త్రాగవలెను అను పాత యేర్పాటు నొక్కమాఱు తలఁచుకొని, సున్నముతోపాటు దానినిగూడ మార్చుకొన్నచో, వ్యయ మొక్క పైసయు ఎక్కువ కాదు.

ఆ ప్రాంతమున బిడ్డలతోనుండు తెలుఁగు తల్లులు, బిడ్డలను చూడఁబోవు తల్లులు, మార్చి నెలలో నచటికి తప్పక పోవలెను. ఎండ తీవ్రముగా నుండును గనుక తలకు నీడగా నేదైన నుంచుకొనుట మంచిది. ఆట ప్రారంభమునకు గంటముందే పోయినచో ఆటగాండ్రు గోడయొద్దకు వచ్చి పిల్లల బంతులమీఁద సంతకములు చేయుచుందురు. మా చిన్నవాని బంతిమీఁద ఎనుబదియవ సంఖ్య దాఁటిన యొక పడుచువాఁడు సంతకము చేసి, వాని పేరడిగి, తన పేరు చెప్పెను. ఆ యువకుఁడు పెద్దజట్టునకు పోయెనా, లేదా యని మావాఁడు ప్రతిదినము పత్రికలో వెదకుచున్నాఁడు.